వీడియో రిఫరీ విధానం: కచ్చితత్వం ఎంత, న్యాయం ఎంత?

2024 జూన్ 11న ఖతర్‌లో జరిగిన ప్రపంచకప్ అర్హత పోటీలో భారత ఫుట్‌బాల్ జట్టు 73వ నిమిషం వరకు 1-0 ఆధిక్యంలో ఉంది. గెలిచి ఉంటే మూడో దశ అర్హత పోటీలకు చేరేది. అయితే గోల్ లైన్ దాటి బయటకు పోయిన బంతిని ఖతర్ ఆటగాడు ఒకరు కాలితో వెనక్కి లాగగా, యూసఫ్ ఐమెన్ దానిని గోల్‌లోకి తన్నాడు. భారత ఆటగాళ్లు అభ్యంతరం చెప్పినా రిఫరీ గోల్‌ను ఖరారు చేశారు. బంతి బయటకు వెళ్లిన సంగతి టీవీ రీప్లేలలో కనిపించింది. కానీ ఆ దశ పోటీల్లో వీడియో అసిస్టెంట్ రిఫరీ (వీఏఆర్) విధానం లేదు. భారత్ 1-2తో ఓడి పోటీ నుంచి నిష్క్రమించింది. విచారణ జరపాలని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కోరినా ఫలితం మారలేదు.

ఈ సంఘటనను బట్టి చూస్తే వీఏఆర్ ఒక్కటి ఉంటే చాలనిపిస్తుంది. అయితే ఈ విధానం ఏళ్లుగా అమలవుతున్న లీగుల్లోనూ వివాదాలు సద్దుమణగలేదు. ఇందుకు కారణం తెలియాలంటే అది దేనిని తేల్చగలదో, దేనిని తేల్చలేదో విడివిడిగా చూడాలి.

నేపథ్యం

2009 నవంబరులో ఐర్లాండ్‌పై ఫ్రాన్స్ ఆటగాడు థియరీ ఆన్రీ బంతిని చేతితో ఆపి గోల్‌కు బాట వేశాడు. 2010 ప్రపంచకప్‌లో జర్మనీపై ఇంగ్లండ్ ఆటగాడు ఫ్రాంక్ లాంపార్డ్ కొట్టిన బంతి గోల్ లైన్ దాటినా గోల్ ఇవ్వలేదు. ఆట నిబంధనలను రూపొందించే అంతర్జాతీయ బోర్డు (ఐఎఫ్ఏబీ) 2012లో గోల్ లైన్ సాంకేతికతను అనుమతించింది. 2018 మార్చిలో వీఏఆర్‌ను నిబంధనల్లో చేర్చింది. అదే ఏడాది రష్యా ప్రపంచకప్‌లో దానిని వినియోగించారు.

పనిచేసే తీరు

వీఏఆర్ ప్రతి నిర్ణయంలోనూ జోక్యం చేసుకోదు. గోల్, పెనాల్టీ, నేరుగా ఇచ్చే రెడ్ కార్డు, ఒకరికి బదులు మరొకరికి కార్డు చూపడం అనే నాలుగు సందర్భాలకే 2018లో దానిని పరిమితం చేశారు. అందులోనూ స్పష్టమైన, సందేహానికి తావులేని పొరపాటు జరిగితేనే, లేదా తీవ్రమైన ఘటనను రిఫరీ గమనించకపోతేనే కలగజేసుకోవాలి. తుది నిర్ణయం మైదానంలోని రిఫరీదే. క్రికెట్ డీఆర్ఎస్‌లో మాదిరిగా సమీక్ష కోరే హక్కు ఆటగాళ్లకు లేదు.

కొలవదగినవి

బంతి గీత దాటిందా, ఆటగాడు ఆఫ్‌సైడ్‌లో ఉన్నాడా అనేవి కొలిచి చెప్పదగిన ప్రశ్నలు. ఇక్కడ సాంకేతికత బలం స్పష్టం. 2022 డిసెంబరు 1న ఖతర్‌లోనే, ప్రపంచకప్‌లో స్పెయిన్‌పై జపాన్ చేసిన రెండో గోల్‌కు ముందు బంతి గీత దాటిపోయినట్టే కనిపించింది. బంతి అంచు మిల్లీమీటర్ల మేర ఇంకా గీతపైనే ఉందని వీఏఆర్ పరిశీలనలో తేలడంతో గోల్ ఖరారైంది. జపాన్ గెలిచి ముందుకు సాగగా, జర్మనీ ఇంటిదారి పట్టింది. పద్దెనిమిది నెలల తర్వాత భారత జట్టుకు ఎదురైనదీ ఇదే ప్రశ్న. అప్పుడు దానిని పరిశీలించే ఏర్పాటే లేదు.

కొలతకూ హద్దులున్నాయి. సెకనుకు 50 చిత్రాలు తీసే కెమెరాలో రెండు చిత్రాల మధ్య వ్యవధి 0.02 సెకను. సెకనుకు 8 మీటర్ల వేగంతో పరుగెత్తే ఆటగాడు ఆ వ్యవధిలో 16 సెంటీమీటర్లు ముందుకు వెళ్తాడు. బంతిని తన్నిన క్షణంగా ఏ చిత్రాన్ని ఎంచుకున్నారనే దానిపై ఆఫ్‌సైడ్ నిర్ణయం తారుమారు కావచ్చు. అందుకే ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ 2021-22 నుంచి గీతలను మందంగా గీసి, స్వల్ప తేడాల్లో దాడి చేసే జట్టుకు వెసులుబాటు ఇచ్చింది. క్రికెట్‌లో ‘అంపైర్స్ కాల్’ మాదిరిగానే ఇది కొలతలోని పరిమితిని ఒప్పుకోవడం. 2022 ప్రపంచకప్‌లో 12 కెమెరాలు ఒక్కో ఆటగాడి శరీరంపై 29 బిందువులను సెకనుకు 50 సార్లు నమోదు చేశాయి. బంతిలోని సెన్సర్ సెకనుకు 500 సార్లు సమాచారం పంపింది. దీంతో తన్నిన క్షణాన్ని మరింత కచ్చితంగా గుర్తించడం వీలైంది.

తూచవలసినవి

బంతి చేతికి తగిలిందో లేదో కెమెరా చూపగలదు. అది శిక్షార్హమో కాదో నిర్ణయించవలసింది మనిషే. 2018 ఫైనల్లో రిఫరీ నెస్టర్ పిటానా మొదట కార్నర్ ఇచ్చి, తెరపై చూశాక క్రొయేషియా ఆటగాడు ఇవాన్ పెరిసిచ్ చేతికి బంతి తగిలిందంటూ ఫ్రాన్స్‌కు పెనాల్టీ ఇచ్చారు. తగిలిందన్న విషయంలో పేచీ లేదు. అది నేరమా అన్న చర్చ మాత్రం ఆగలేదు. నెమ్మదిగా తిప్పిన దృశ్యంలో మామూలు తాకిడి సైతం తీవ్రంగా కనిపించే ప్రమాదం ఉంది. కనుకనే తాకిన చోటు వంటి వాస్తవాలకు స్లోమోషన్‌ను, తాకిడి తీవ్రతకు సాధారణ వేగాన్ని ఉపయోగించాలని నిబంధనలు చెబుతున్నాయి.

మాట పొరపాటు

2023 సెప్టెంబరు 30న టోటెన్‌హామ్‌పై లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ చేసిన గోల్‌ను మైదానంలో ఆఫ్‌సైడ్‌గా తోసిపుచ్చారు. అతను ఆఫ్‌సైడ్‌లో లేడని వీడియో గదిలో సరిగానే గుర్తించారు. కానీ మైదానంలో గోల్ ఇచ్చారని పొరబడి ‘పరిశీలన పూర్తయింది’ అన్నారు. ఆట మళ్లీ మొదలయ్యాక నిర్ణయం మార్చే వీలు లేకపోయింది. లివర్‌పూల్ 1-2తో ఓడింది. ఇది గణనీయమైన మానవ తప్పిదమని ఇంగ్లండ్ రిఫరీల సంస్థ అంగీకరించి, సంభాషణల ఆడియోను విడుదల చేసింది.

కొనసాగింపుపై చర్చ

వీఏఆర్‌ను రద్దు చేయాలని వోల్వ్స్ క్లబ్ ప్రతిపాదించగా, ప్రీమియర్ లీగ్ క్లబ్బులు 2024 జూన్‌లో 19-1 తేడాతో తిరస్కరించాయి. గోల్ సంబరం నిమిషాల నిరీక్షణగా మారడం, స్టేడియంలోని ప్రేక్షకులకు ఏం జరుగుతోందో తెలియకపోవడం వ్యతిరేకుల ప్రధాన ఫిర్యాదులు. స్వీడన్‌లో అభిమానుల, క్లబ్బుల వ్యతిరేకతతో అక్కడి సమాఖ్య 2024 ఏప్రిల్‌లో ఈ ప్రయత్నాన్నే విరమించుకుంది.

భారత్‌లో సమస్య ఇందుకు భిన్నం. కెమెరాలు, శిక్షణ పొందిన సిబ్బంది, నిర్వహణ ఖర్చు భారం కావడంతో ఇండియన్ సూపర్ లీగ్‌లో 2024-25 సీజన్ వరకు వీఏఆర్ అమలు కాలేదు. భారత్ నిష్క్రమించిన ఆసియా అర్హత పోటీల్లోనే, మూడో దశకు చేరిన జట్లకు మాత్రం ఆ సదుపాయం లభించింది.

ఈ అంతరాన్ని తగ్గించేందుకు ఫిఫా ‘ఫుట్‌బాల్ వీడియో సపోర్ట్’ అనే చౌక విధానాన్ని 2024 మహిళల అండర్-20 ప్రపంచకప్‌లో పరీక్షించింది. ఇందులో ప్రత్యేక వీడియో రిఫరీ ఉండరు. ఒక్కో కోచ్ రెండుసార్లు సమీక్ష కోరవచ్చు. అభ్యంతరం నిజమైతే ఆ అవకాశం మిగులుతుంది. కొద్దిపాటి కెమెరాల దృశ్యాలను రిఫరీయే తెరపై చూసి నిర్ణయిస్తారు. మిల్లీమీటర్ల తేడాలను ఇది తేల్చలేదు. రీప్లేలో కంటికి కనిపించే తప్పును సరిదిద్దడానికి మాత్రం ఇది చాలు.