నరసాపురం లేసు: డెల్టా వాకిళ్లలో పుట్టిన ఎగుమతి సరుకు

నరసాపురం లేసు పశ్చిమ గోదావరి డెల్టాలో ఆడవాళ్లు ఇంటిపట్టున ఉండి, ఒకే ఒక్క కొక్కెం సూదితో, నూలు దారంతో అల్లే క్రోషే చేతిపని. రెండు సూదులతో ఉన్ని అల్లే విద్య తెలుగు నేల మీద పెద్దగా నాటుకోలేదు. ఇక్కడి ఎండకు దాని అవసరమూ లేదు. నూలుతో చేసే లేసు అల్లిక మాత్రం నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో వేల కుటుంబాలకు జీవనాధారమైంది.

విదేశీయుల ఒంటికి బట్ట సిద్ధం చేయడం ఈ డెల్టాకు లేసు రాకముందు నుంచే అలవాటు. పదిహేడో శతాబ్దంలో పాలకొల్లులో డచ్చివాళ్లకు, నరసాపురం పక్కనున్న మాధవాయపాలెంలో ఇంగ్లీషువాళ్లకు కొఠీలుండేవి. జపాన్ షోగన్ దర్బారు నుంచి డచ్చి వర్తకులకు కానుకగా వచ్చిన పట్టు కిమోనోలు హాలెండులో పెద్దమనుషుల ముచ్చటగా మారాయి. వచ్చినవి చాలక, అదే తీరు వదులు అంగీలను కోరమాండల్ తీరపు కలంకారీ బట్టతో కుట్టించారు. అలాంటివి కొన్ని ఇప్పటికీ యూరప్ మ్యూజియంలలో ఉన్నాయి. మాధవాయపాలెం పేరుతో ‘మడపోలం’ అనే సన్నని నూలుగుడ్డ కూడా ప్రసిద్ధికెక్కింది. తర్వాత ఆ రకం గుడ్డను లాంకషైర్ మిల్లులే నేయడం మొదలుపెట్టాయి. మిల్లు బట్ట ముందు తీరంలోని మగ్గం నిలవలేకపోయింది.

1833 కరువు గోదావరి జిల్లాను మరింత కుంగదీసింది. ఆ తర్వాత మూడేళ్లకు, 1836లో, విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే మిషనరీలు ఆంధ్ర తీరానికి వచ్చి, క్రమంగా పాలకొల్లు, నరసాపురాల్లో స్థిరపడ్డారు. లేసు పనిని స్కాట్లండు నుంచి వచ్చిన మెక్రే దంపతులు 1844లో నేర్పారని ప్రాంతీయ కథనం. ఐర్లండులో కరువు బాధితులకు క్రోషే లేసు బతుకుతెరువైంది కూడా 1840లలోనే. అంటే ఇక్కడికి వచ్చింది తరాల నాటి విద్య కాదు, యూరప్‌లోనూ అప్పుడప్పుడే పైకి వస్తున్న పని. నేర్చుకున్నవాళ్లలో మొదటివారు కొత్తగా క్రైస్తవంలోకి వచ్చిన దళిత స్త్రీలు. వాళ్ల లేసును మిషనరీలు తమ దేశంలోని స్నేహితులకు, బంధువులకు పంపి అమ్మించేవారు. గోదావరి ఎగువన దుమ్ముగూడెంలో చర్చి మిషనరీ సొసైటీ కూడా లేసు పని నేర్పింది.

ఈ పని ఇంత కాలం చేతిలోనే మిగలడానికి కారణం అల్లిక తీరులోనే ఉంది. రెండు సూదుల అల్లికలో వరస మొత్తం ఉచ్చులు సూది మీద తెరిచే ఉంటాయి. దానికి విలియం లీ 1589లోనే యంత్రం కనిపెట్టాడు. క్రోషేలో ప్రతి ఉచ్చు అక్కడికక్కడే ముగుస్తుంది, సూది మీద ఒక్కటే మిగులుతుంది. ఆ కదలికను సరిగ్గా పట్టుకునే యంత్రం రాలేదు. యంత్రం చేసే లేసు చూపుకు దీన్ని పోలినా తయారీలో వేరు. పైగా పొయ్యి మీద అన్నం పొంగితే పనిని ఉన్నపళంగా పక్కన పెట్టి లేవవచ్చు, అల్లిక ఊడిపోదు. ఈ సౌకర్యమే ఆడవాళ్ల మెడకు చుట్టుకుంది. మధ్య మధ్యలో చేసే పని కాబట్టి అది పనే కాదనీ, కాలక్షేపమనీ వ్యాపారులు తేల్చేశారు.

ఇరవయ్యో శతాబ్దంలో వ్యాపారం మిషన్ చేతుల్లోంచి స్థానిక ఎగుమతిదారులకు మారింది. ఘోషా పాటించే కాపు కుటుంబాల స్త్రీలు కూడా గడప దాటనక్కర్లేని ఈ పనిలోకి వచ్చారు. ఏజెంటు దారం తూచి ఇచ్చి, తయారైన ముక్కలు పట్టుకెళ్లేవాడు. పువ్వులు, బిళ్లలు అల్లడం చేతిపని. వేర్వేరు ఇళ్లలో తయారైన ఆ ముక్కలను కలిపి దుప్పటిగానో బల్లగుడ్డగానో చేయడం అతుకుపని. ముక్క అల్లిన మనిషికి అది చివరకు ఏమవుతుందో తెలియాల్సిన పని లేదు, కొనేవాడి ముఖం అసలే తెలియదు. 1970లలో ఎగుమతులు ఊపందుకున్నప్పుడు జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఇక్కడికి వచ్చి అధ్యయనం చేసింది. 1982లో వెలువడిన ఆమె పుస్తకం ప్రకారం ఈ పనిలో ఉన్న స్త్రీలు దాదాపు లక్షమంది. ఇంటి చాకిరీ పోగా రోజంతా సూది పట్టినా వాళ్ల చేతికి రూపాయి కూడా వచ్చేది కాదు. లెక్కల్లో వాళ్లు కార్మికులు కారు, గృహిణులు.

దుప్పట్ల తర్వాత టాపులు, స్టోల్‌లు కూడా ఈ సరుకులో చేరాయి. ఒంటి మీద వేసుకునేవాటిలో కిమోనో తీరు పైవస్త్రం అతుకుపనికి ఇట్టే ఒదుగుతుంది. జపాన్‌లో కిమోనోను సుమారు 36 సెంటీమీటర్ల వెడల్పు గుడ్డతో, చంక దగ్గర వంపు తీయకుండా, నిలువు ముక్కలుగానే కోసి కుడతారు. అల్లికలోనూ అంతే: వీపుకు వెడల్పాటి ముక్క ఒకటి, ముందుకు రెండు పట్టీలు, చేతులకు రెండు చదరాలు. కొలత కాస్త తప్పినా వదులు దాన్ని కప్పేస్తుంది. అయిదు ముక్కలు అయిదు ఇళ్లలో అల్లినా కలపవచ్చు. అయితే అందరి చేతి బిగువూ ఒకేలా ఉండాలి, లేదంటే ఒక పక్క జారుతుంది. అతుకుపని మనిషి నేర్పు తెలిసేది అక్కడే.

చైనా యంత్రపు లేసు వచ్చాక విదేశీ గిరాకీ మీద నమ్మకం తగ్గి, దేశంలోని నగరాల మీద చూపు పడింది. హైదరాబాదులో చందానగర్, లింగంపల్లి ప్రాంతాల్లో గోదావరి జిల్లాల కుటుంబాలు చాలా ఉన్నాయి. కాకినాడ నుంచి వచ్చే గౌతమి ఎక్స్‌ప్రెస్ లింగంపల్లిలోనే ఆగిపోతుంది. అక్కడికి దగ్గర్లోనే, మాదాపూర్ శిల్పారామంలో చేతిపనుల మేళాలు జరుగుతాయి. ఆ చుట్టుపక్కల ఐటీ ఉద్యోగులకు ఏసీ గదుల్లో వేసుకునే పలుచని పైవస్త్రం అవసరం కాబట్టి, నూలు అల్లికకు ఇది సహజమైన మార్కెట్టే.

నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. 1999 నాటి చట్టం కింద ఈ నమోదును పదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. యంత్రపు లేసును నరసాపురం పేరుతో అమ్మేవాళ్లను అడ్డుకునే హక్కు దీనివల్ల వచ్చింది. ముక్క అల్లిన మనిషికి ఎంత కూలి ఇవ్వాలో మాత్రం ఆ చట్టం చెప్పదు.