రీగా మార్కెట్‌లో ఇంకో ధర

లాత్వియా రాజధాని రీగాలో, దౌగవ నదికి దగ్గరగా, విల్లులా వంగిన పైకప్పులతో ఐదు భారీ హాళ్లు కనిపిస్తాయి. ఇదే 1930లో తెరిచిన సెంట్రల్ మార్కెట్. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లు జెప్పెలిన్ ఎయిర్‌షిప్‌ల కోసం కట్టి వదిలేసిన షెడ్ల ఇనుప చట్రాలను తెచ్చి దీన్ని నిలబెట్టారు. మాంసానికో హాలు, పాలకో హాలు, చేపలకో హాలు. కింద సరుకు దాచే నేలమాళిగలు. సోవియట్ పాలనలో, 1949లో దీని పేరు సెంట్రల్ కోల్‌ఖోజ్ మార్కెట్ అయింది. కోల్‌ఖోజ్ అంటే సమష్టి వ్యవసాయ క్షేత్రం. అదే ఏడాది మార్చిలో లాత్వియా నుంచి 42 వేల మందికి పైగా ప్రజలను సైబీరియాకు తరలించారు. వాళ్లలో చాలామంది రైతు కుటుంబాల వాళ్లే. ఆ భయంతో మిగిలిన రైతులు నెలల్లోనే సమష్టి క్షేత్రాల్లో చేరిపోయారు. సొంత భూమి పోగొట్టుకున్న రైతు పేరు మీదే నగరం నడిబొడ్డున మార్కెట్ నడిచింది.

అన్నింటికీ సర్కారే ధర కట్టే దేశంలో బేరమాడే మార్కెట్ ఎందుకుంది? అది ఉదారతతో ఇచ్చింది కాదు, అది లేకుండా ఆ వ్యవస్థకు పూట గడవదని నా వాదన. కరువు ముంచుకొస్తున్న 1932లో సోవియట్ యూనియన్‌లో స్టాలిన్ ప్రభుత్వమే కోల్‌ఖోజ్ రైతులు గిట్టిన ధరకు అమ్ముకోవచ్చని ఒప్పుకుంది. ఇంటి వెనక ఉంచనిచ్చిన అర హెక్టారు లోపు పెరడు, ఒకటో రెండో ఆవులు, వాటి నుంచి వచ్చిందే ఆ సరుకు. రైతు తెచ్చిన పాలను, మాంసాన్ని ముందు మార్కెట్ ల్యాబ్‌లో పరీక్షించేవాళ్లు. ఆ తర్వాత అద్దెకు తీసుకున్న తక్కెడతో బల్ల దగ్గర నిలబడేవాడు. పండించినవాడే అమ్మాలి, కొని లాభానికి మారుబేరం చేస్తే జైలు. 1999లో మన దగ్గర మొదలైన రైతుబజార్లలోనూ పండించినవాడే అమ్మాలన్న నియమం ఉంది. కానీ మన రైతుకు పొలం తనది, బయట ఇంకో మార్కెట్ కూడా ఉంది.

కోల్‌ఖోజ్ మార్కెట్‌లో కొనేది డబ్బున్నవాళ్లేగా అనే మాట కొట్టిపారేయదగ్గది కాదు. సర్కారు దుకాణంలో మాంసం ధర 1962 తర్వాత దశాబ్దాల పాటు దాదాపు కదల్లేదు. మార్కెట్‌లో దానికి రెండింతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. కానీ ఆ చవక ధర బోర్డు మీద ఉన్నంత నమ్మకంగా సరుకు బల్ల మీద ఉండేది కాదు. మిగతా ధరను జనం క్యూలో నిలబడి కట్టేవాళ్లు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. సాగుభూమిలో మూడు శాతం పెరళ్లే సోవియట్ దేశపు వ్యవసాయ దిగుబడిలో నాలుగో వంతు ఇచ్చాయని గొప్పగా చెబుతారు గానీ, ఆ ఆవుకు గడ్డి, దాణా సమష్టి క్షేత్రం నుంచే వచ్చేవి. నిజమే. కాబట్టి ఆ అంకెను సొంత సాగు గెలుపుగా చదవడం తొందరపాటే. అయితే పగలంతా క్షేత్రంలో పనిచేసిన మనిషి, ముఖ్యంగా ఆడమనిషి, పొద్దుగూకాక పెరట్లో వంగి చేసిన చాకిరీ ఏ ప్రణాళిక లెక్కలోకీ రాలేదు. నగరానికి కావలసిన తిండిలో ఒక పాలు ఆ చాకిరీ నుంచే ఈ హాళ్లకు చేరింది.