టాపిక్ మ్యాప్‌ల ఎక్స్‌ఎంఎల్ సింటాక్స్

విషయాలను (టాపిక్‌లను), వాటి మధ్య సంబంధాలను, వాటి వివరాలను చూపే టాపిక్ మ్యాప్‌లను ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరొకదానికి అందించడానికి వాడే రాతరూపాల్లో ప్రధానమైనది ఎక్స్‌టీఎం (ఎక్స్‌ఎంఎల్ టాపిక్ మ్యాప్స్). టాపిక్ మ్యాప్‌ల ఆలోచన 1990ల తొలినాళ్లలో డావెన్‌పోర్ట్ బృందంలో పుట్టింది. వేర్వేరు సంస్థల యునిక్స్ మాన్యువళ్ల సూచికలను ఒకటిగా కలపడం అప్పటి సమస్య. దాని ఫలితమే ఐఎస్‌ఓ 13250 ప్రమాణం. మిషెల్ బీజున్‌స్కీ, స్టీవెన్ న్యూకమ్, మార్టిన్ బ్రయన్ దాని సంపాదకులు. దీన్ని కొందరు 1999 నాటిదిగా, కొందరు 2000 నాటిదిగా ఉటంకిస్తారు. ఆ రెండేళ్ల సంధిలో వెలువడడమే ఈ తేడాకు కారణం కావచ్చు.

ఆ ప్రమాణంలోని తొలి రాతరూపం ఎక్స్‌ఎంఎల్‌కు ముందునాటి ఎస్‌జీఎంఎల్, హైటైమ్‌ల మీద నిలిచింది. సడలింపు విషయంలో దాన్ని మించినది తర్వాత రాలేదనే చెప్పాలి. ‘ఆర్కిటెక్చరల్ ఫారమ్’ పద్ధతిలో రచయిత తనకు నచ్చిన ట్యాగులు పెట్టుకోవచ్చు. ఊళ్ల వివరాలు రాసేవారు ‘ఊరు’ అనే ట్యాగు వాడి, అది టాపిక్ కిందికి వస్తుందని డీటీడీలో (ట్యాగుల నియమాల పట్టికలో) ప్రకటిస్తే సరిపోయేది. అయితే దాన్ని చదవగల సాఫ్ట్‌వేర్ అరుదు. ఈ రూపం వెనుకబడడానికి ఎక్స్‌ఎంఎల్ ప్రాచుర్యం కన్నా ఇదే బలమైన కారణంగా తోస్తుంది.

స్టీవ్ పెప్పర్, గ్రాహమ్ మూర్ సంపాదకత్వంలో టాపిక్‌మ్యాప్స్.ఆర్గ్ రూపొందించిన ఎక్స్‌టీఎం 1.0 ఆ స్వేచ్ఛను వదులుకుంది. ట్యాగులు 19 మాత్రమే. వాటి పేర్లు మార్చడానికి వీల్లేదు. దీని తేదీని 2000 డిసెంబరుగా చెప్పేవారున్నారు. అప్పటికి ముఖ్యభాగం మాత్రమే బయటికి వచ్చింది కనుక 2001 అనడమే సబబు. ట్యాగులు బిగిసినా వాటిని వాడే తీరు మాత్రం వదులుగానే ఉండిపోయింది. ఒక టాపిక్‌ను మూడు రకాలుగా సూచించవచ్చు. సంబంధానికి రకం చెప్పకపోయినా, అందులో ఎవరి పాత్ర ఏమిటో రాయకపోయినా చెల్లుతుంది. ఒకే పాత్ర కింద పలువురిని గుదిగుచ్చవచ్చు.

అంతకన్నా చిక్కైనది పేర్ల నియమం. ఒకే స్కోప్‌లో (పేరు లేదా సంబంధం వర్తించే సందర్భంలో) ఒకే పేరున్న రెండు టాపిక్‌లను ఒకటిగా కలిపేయాలని 1.0 శాసించింది. తమిళనాడులో విరుదునగర్ జిల్లాలోని రాజపాళయం, దాని పొరుగున ఉన్న మంసాపురం ప్రాంతానికి టాపిక్ మ్యాప్ గీస్తున్నామనుకుందాం. రాజపాళయం తెలుగు మాట్లాడే రాజుల ఊరు. అదే పేరుతో ప్రసిద్ధమైన వేటకుక్కల జాతీ ఉంది. రెండింటికీ ‘తెలుగు’ అనే స్కోపే ఇస్తే ఊరూ కుక్కా ఒకే టాపిక్‌గా మారిపోతాయి. వాటిని విడదీయాలంటే ‘పట్టణం’, ‘కుక్క జాతి’ అనే స్కోపులను అదనంగా తగిలించాలి. మరోపక్క, ఆ ఊరి పేరునే తెలుగు లిపిలో ఒక చోట, తమిళ లిపిలో మరో చోట రాస్తే అక్షరాలు వేరు కనుక ఈ నియమానికి అవి ఒకటిగా కనిపించవు. కలవాల్సినవి కలవక, కలవకూడనివి కలిసేవన్నమాట. స్కోప్‌కు అసలైన ఉపయోగం వేరే చోట ఉంది. ఈ ప్రాంతం 1910లో రామనాథపురం జిల్లాలోకి, 1985లో ఇప్పటి జిల్లాలోకి వచ్చింది. ఏ సంబంధం ఏ కాలానిదో స్కోప్ ద్వారా చెప్పడం తేలిక.

2001లో విడిగా డేటా మోడల్ లేదు. దాని నియమాలు కూడా సింటాక్స్ పత్రంలోనే చేరిపోయాయి. 2006లో 13250 రెండో భాగంగా మోడల్ వచ్చాక పేరు ఆధారంగా కలపడం తొలగి, విషయాన్ని గుర్తించే ఐఆర్‌ఐలకే (వెబ్ చిరునామా తరహా గుర్తింపులకే) ఆ పని మిగిలింది. దానికి అనుగుణంగా వచ్చిన 2007 నాటి ఎక్స్‌టీఎం 2.0 లింకుల ప్రమాణమైన ఎక్స్‌లింక్‌ను వదిలేసింది, డీటీడీ బదులు రిలాక్స్-ఎన్‌జీ వాడింది. సంబంధానికి, పాత్రకు రకం తప్పనిసరి. ఒక్కో పాత్రలో ఒక్కరే. ‘ముఖ్యమంత్రి’ పాత్రలో రాజపాళయానికి చెందిన పూసపాటి సంజీవి కుమారస్వామి రాజాను, ‘రాష్ట్రం’ పాత్రలో మద్రాసును, స్కోప్‌గా 1949–52ను రాయడానికి 2.0లో ఒకటే దారి. చదివే ప్రోగ్రామ్ రాసేవారికి ఇది పెద్ద ఊరట. వివరాల పాఠంలో మాత్రం ఏ ఎక్స్‌ఎంఎల్‌నైనా పొదగనిచ్చారు.

తర్వాతి 2.1 కొంత పట్టు సడలించింది: టాపిక్‌కు ఐడీ తప్పనిసరి కాదు, టాపిక్‌ను దాని ఐఆర్‌ఐతో నేరుగా సూచించవచ్చు. చేత్తో రాసుకునేవారి కోసం ఎక్స్‌ఎంఎల్‌తో పనిలేని సీటీఎం అనే రూపాన్ని అదే ప్రమాణంలో ఆరో భాగంగా చేర్చారు.