ఐదో గొంతు

బాయ్‌జోన్ 1993లో ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో పుట్టిన గాయక బృందం. దాని ఐదుగురు సభ్యుల్లో ఒకడైన స్టీఫెన్ గేట్లీ 2009 అక్టోబరు 10న చనిపోయాడు. ఐదు నెలలు తిరక్కుండానే, 2010 మార్చిలో, మిగిలిన నలుగురూ ‘బ్రదర్’ అనే ఆల్బమ్ తెచ్చారు. కుర్రకారు బృందాల్లో సభ్యులు మధ్యలో మానేసి వెళ్లిపోవడం మామూలే. సభ్యుడు చనిపోయాక బృందం ఇంకా పాడాలా, పాడితే అతని గొంతును ఏం చేయాలి అన్నది వేరే సమస్య. ఈ ప్రశ్నకు బాయ్‌జోన్ పదేళ్లలో ఒకటికి మించి జవాబులు చెప్పింది. అవి అర్థం కావాలంటే ముందు ఆ బృందం ఎలా తయారైందో తెలియాలి.

ఇలాంటి బృందాలు స్నేహితులు చేరి పెట్టుకునేవి కావు. మేనేజరు ముందు లెక్క వేసుకుంటాడు, ఆ తర్వాత మనుషుల్ని వెతుకుతాడు. అమెరికాలో మారిస్ స్టార్ 1984లో బోస్టన్ కుర్రాళ్లతో ‘న్యూ కిడ్స్ ఆన్ ది బ్లాక్’ను తయారుచేశాడు. 1990లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ‘టేక్ దట్’ ఆ దారిలోనే వచ్చింది. వాళ్ల విజయం చూసిన లూయీ వాల్ష్‌కు ఐర్లండుకూ అలాంటి బృందం ఒకటి కావాలనిపించింది. మేయో కౌంటీలోని కిల్టిమా అనే చిన్న ఊరి నుంచి వచ్చిన వాల్ష్ అప్పటికే యూరోవిజన్ పాటల పోటీ విజేత జానీ లోగన్‌కు మేనేజరుగా పనిచేసినవాడు. పత్రికల్లో ప్రకటన ఇస్తే మూడు వందల మందికి పైగా కుర్రాళ్లు ముందుకొచ్చారు. ఆడిషన్ల నాటికి, ఎంపికైనవాళ్లలో రోనన్ కీటింగ్ వయసు 16, గేట్లీ వయసు 17.

వాల్ష్ పెరిగిన వాతావరణం గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. 1950ల చివరి నుంచి 70ల దాకా ఐర్లండు పల్లెల్లోని డాన్సు హాళ్లను ఏలినవి షోబ్యాండ్లు. సొంత పాటలతో వాటికి పెద్దగా పని ఉండేది కాదు. రేడియోలో మోగుతున్న అమెరికన్, ఇంగ్లీషు హిట్లను శుభ్రంగా, జనం డాన్సు చేయడానికి వీలుగా పాడిపెట్టడమే వాటి వృత్తి. బాయ్‌జోన్ మొదటి కూర్పులో ఉన్న రిచర్డ్ రాక్, మయామీ షోబ్యాండ్ ప్రసిద్ధ గాయకుడు డికీ రాక్ కొడుకే. పాత పాటను కొత్త గొంతులతో పాడించడమనే అలవాటు బాయ్‌జోన్‌కు వచ్చింది ఈ సంప్రదాయం నుంచే. విమర్శకులు దాన్ని సోమరితనంగా కొట్టిపారేశారు కానీ, నిజానికి అది ఐర్లండులో రెండు తరాల నాటి వ్యాపారం.

తొలి అడుగే నవ్వులపాలైంది. 1993 నవంబరులో గే బర్న్ నడిపే ‘ది లేట్ లేట్ షో’లో ఆరుగురు కుర్రాళ్లు కనిపించారు. వాళ్లు పాట పాడలేదు. రికార్డు మోగుతుంటే ఎవరికి తోచినట్టు వాళ్లు చిందులు వేశారు. ఐరిష్ టెలివిజన్‌లో ఇప్పటికీ వేసి వేసి నవ్వుకునే దృశ్యాల్లో అదొకటి. ఆ తర్వాత రిచర్డ్ రాక్, మార్క్ వాల్టన్ బయటికి వెళ్లారు, మైకీ గ్రేహమ్ లోపలికి వచ్చాడు. కీటింగ్, గేట్లీ, గ్రేహమ్, కీత్ డఫీ, షేన్ లించ్ అనే ఐదుగురి కూర్పు అలా స్థిరపడింది.

1994 చివర అమెరికన్ బృందం ఓస్మండ్స్ పాత పాట ‘లవ్ మీ ఫర్ ఎ రీజన్’ బ్రిటన్ చార్టులో రెండో స్థానానికి చేరింది. 1995లో ‘సెడ్ అండ్ డన్’, 1996లో ‘ఎ డిఫరెంట్ బీట్’, 1998లో ‘వేర్ వి బిలాంగ్’, 1999లో ‘బై రిక్వెస్ట్’ ఆల్బములు నాలుగూ బ్రిటన్‌లో మొదటి స్థానం అందుకున్నాయి. ఆరు సింగిల్స్ నంబర్ వన్ అయ్యాయి. వాటిలో పెద్దది 1998 నాటి ‘నో మేటర్ వాట్’. ఆండ్రూ లాయిడ్ వెబర్, జిమ్ స్టైన్‌మన్‌లు ‘విజిల్ డౌన్ ది విండ్’ అనే రంగస్థల సంగీత నాటకం కోసం చేసిన పాట అది. బ్రిటన్‌లోనే పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైంది.

ఈ పాటల్లో పని విభజన తేటగా ఉండేది. ప్రధాన గాయకులు ఇద్దరే, కీటింగ్, గేట్లీ. కీటింగ్ గొంతు కాస్త గరుకు, ఛాతీలోంచి వచ్చేది. గేట్లీది పలచగా, తేలికగా పైకి లేచేది. చరణాలు ఇద్దరూ పంచుకునేవారు. పల్లవి దగ్గర మిగతా ముగ్గురూ కింద నుంచి ఆసరా ఇచ్చేవారు. ఒకే పాటలో ఒకడు బతిమాలుతున్నట్టూ, ఇంకొకడు ఊరడిస్తున్నట్టూ వినిపించడం ఆ జంట ప్రత్యేకత. ఐదుగురిలో ఒకడు తగ్గితే వేదిక మీద ఖాళీ కనిపించడంతో సరిపోతుంది. ఆ ఒక్కడూ గేట్లీ అయితే పాట కట్టుబడే మారిపోతుంది.

గేట్లీ డబ్లిన్ ఉత్తర భాగంలో, రేవు పక్కనున్న షెరిఫ్ స్ట్రీట్‌లోని పేద ఇంట్లో పుట్టాడు. అతను స్వలింగ ప్రియుడన్న విషయాన్ని ఎవరో పత్రికలకు అమ్మబోతున్నారని తెలియడంతో, 1999 జూన్‌లో ‘ది సన్’ పత్రికకు తనే చెప్పేశాడు. ఆడపిల్లల అభిమానమే పెట్టుబడిగా నడిచే బృందంలో ఉంటూ అలా చెప్పినవాళ్లు అప్పటికి దాదాపు లేరు. ఐర్లండులో స్వలింగ సంబంధాలు నేరం కాకుండా పోయిందే 1993లో, అంటే బాయ్‌జోన్ పుట్టిన ఏడాదే. చెబితే అభిమానులు దూరమవుతారన్న భయం మాత్రం ఉత్తదేనని తేలింది. ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి, అమ్మకాలు తగ్గలేదు.

2000లో బృందం విడిపోయింది. ‘నాటింగ్ హిల్’ సినిమాలోని పాటతో కీటింగ్ అప్పటికే సొంతంగా పెద్ద గాయకుడయ్యాడు. గేట్లీ ‘న్యూ బిగినింగ్’ అనే సొంత ఆల్బమ్ తెచ్చి, ఆ తర్వాత లండన్ రంగస్థలం వైపు వెళ్లాడు. డఫీ, లించ్, గ్రేహమ్ నటన, టీవీ, సొంత పాటలంటూ తలో దారీ పట్టారు. 2007 నవంబరులో బీబీసీ ‘చిల్డ్రన్ ఇన్ నీడ్’ విరాళాల కార్యక్రమంలో ఐదుగురూ మళ్లీ కలిశారు. 2008లో కచేరీల యాత్ర, కొత్త పాటలు కలిపిన సంకలనం వచ్చాయి. ఆపైన పూర్తి కొత్త ఆల్బమ్ కోసం 2009లో పాటలు ఎంచడం, కొన్నింటిని రికార్డు చేయడం మొదలైంది.

ఆ పని మధ్యలో ఉండగానే, స్పెయిన్‌కు చెందిన మయోర్కా దీవిలోని పోర్ట్ డి ఆండ్రాచ్‌లో, సొంత ఫ్లాట్‌లో గేట్లీ నిద్రలోనే పోయాడు. వయసు 33. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం వల్ల చనిపోయాడని, దానికి మూలం అప్పటిదాకా ఎవరూ గుర్తించని గుండె జబ్బని పరీక్షలో తేలింది. అయినా లండన్ దినపత్రిక ‘డెయిలీ మెయిల్’లో అంత్యక్రియల ముందురోజు వచ్చిన ఒక వ్యాసం ఆ చావును అతని జీవన విధానంతో ముడిపెట్టింది. పత్రికల ఫిర్యాదుల సంఘానికి 25,000కు పైగా ఫిర్యాదులు వెళ్లాయి. ఆ సంఘం చరిత్రలో అంతకు ముందెన్నడూ అన్ని రాలేదు. సంఘం మాత్రం పత్రికను తప్పుపట్టలేదు.

మిగిలిన నలుగురూ మయోర్కా వెళ్లి, శవపేటికతో పాటే డబ్లిన్ తిరిగొచ్చారు. అక్టోబరు 16 రాత్రి పేటికను సెయింట్ లారెన్స్ ఓటూల్ చర్చిలో ఉంచారు. అది గేట్లీ పుట్టిపెరిగిన పేటలోని చర్చి. నలుగురూ ఇళ్లకు పోకుండా ఆ రాత్రంతా చర్చిలోనే అతనికి తోడుగా ఉండిపోయారు. చనిపోయినవాణ్ని రాత్రంతా ఒంటరిగా వదలకపోవడం ఐర్లండులో పాత ఆచారమే. తెల్లవారాక పేటికను భుజాల మీద మోసిందీ వాళ్లే. చర్చి బయట వేలమంది నిలబడ్డారు.

ఆల్బమ్ సంగతి అక్కడి నుంచి మళ్లీ మొదలైంది. గేట్లీ తన వంతు పాడిపెట్టి వెళ్లిన పాటలు రెండు, ‘గేవ్ ఇట్ ఆల్ అవే’, ‘స్ట్రాంగర్’. మొదటిది బేరూత్‌లో పుట్టి లండన్‌లో పెరిగిన గాయకుడు మికా రాసింది. స్టూడియోలో ఒక్కొక్కరి గొంతూ ఒక్కో ట్రాక్‌లో విడిగా రికార్డవుతుంది కాబట్టి, వాద్యాలు, మిగతా గొంతులు ఎన్నిసార్లు మార్చినా ఆ ట్రాక్ చెక్కుచెదరదు. కానీ దాన్ని మళ్లీ పాడించడం కుదరదు. అతను ఏ శ్రుతిలో పాడాడో, ఎక్కడ ఊపిరి తీశాడో, ఏ మాటను ఎంత లాగాడో అన్నీ ఖరారైపోయినవే. మామూలుగా స్టూడియోలో పక్కవాడి కోసం పాటను అర స్వరం దించుకుంటారు, వేగం తగ్గించుకుంటారు. ఇక్కడ సర్దుకోవలసిన బాధ్యత బతికున్న నలుగురిదే.

ఇంతకంటే ఎంతో కష్టమైన కేసు ఒకటి అప్పటికే ఉంది. 1980లో హత్యకు గురైన జాన్ లెనన్ ఇంట్లో క్యాసెట్ మీద పాడుకున్న ‘ఫ్రీ యాజ్ ఎ బర్డ్’కు మిగిలిన ముగ్గురు బీటిల్స్ వాద్యాలు, గొంతులు జోడించి 1995లో విడుదల చేశారు. ఆ క్యాసెట్‌లో గొంతూ పియానో కలిసిపోయి ఉన్నాయి. ‘నౌ అండ్ దెన్’ అనే ఇంకో పాటను ఆ కారణంగానే పక్కన పెట్టారు. గొంతును కంప్యూటర్ సాయంతో వేరుచేయగలిగాకే అది 2023లో బయటికొచ్చింది. బాయ్‌జోన్‌కు అలాంటి చిక్కు లేదు. వాళ్ల ముందున్నది సాంకేతిక సమస్య కన్నా మర్యాదకు సంబంధించినది. రెండు పాటల్లో ఉన్న గొంతును పది పాటల్లో వాడుకున్నట్టు చూపించకూడదు. మిగతా పాటల్లో అతను లేడన్న సంగతి దాచకూడదు.

ఆ పరీక్షలో ‘బ్రదర్’ నెగ్గింది. గేట్లీ ఉన్న రెండు పాటల్లో అతని గొంతును నేపథ్యంలో ఎక్కడో ఒక జ్ఞాపకంలా వేయలేదు, అతను బతికుంటే ఎక్కడ ఉండేదో అక్కడే ఉంచారు. మిగతా పాటల్లో అతని వంతును కీటింగ్ ఒక్కడే మీద వేసుకోకుండా కొంత పంచుకున్నారు. సంగీతపరంగా చూస్తే ఇందులో సగం పాటలు మామూలు పాప్ పాటలే. రెండేళ్లు ఆగి చేసి ఉంటే ఇంకా మంచి పాటలు దొరికేవేమో. కానీ ఆలస్యం చేస్తే ఆ రెండు ట్రాకులు అల్మారాలో మిగిలిపోయిన వస్తువులయ్యేవి. 2010 మార్చి 8న విడుదలైన ఆల్బమ్ బ్రిటన్‌లో మొదటి స్థానంలోకి వచ్చింది. ‘గేవ్ ఇట్ ఆల్ అవే’ మొదటి పది సింగిల్స్‌లో చేరింది. గేట్లీ పిల్లల కోసం రాస్తూ వచ్చిన ‘ది ట్రీ ఆఫ్ సీజన్స్’ నవల కూడా అదే ఏడాది అచ్చయింది.

తర్వాతి ఆల్బములు రెండో జవాబు. 2013లో ఇరవయ్యేళ్ల గుర్తుగా ‘బీజెడ్ 20’, 2014లో డెట్రాయిట్‌లో పుట్టిన మోటౌన్ రికార్డు సంస్థ పాత పాటలతో ‘డబ్లిన్ టు డెట్రాయిట్’ వచ్చాయి. ఇవి నలుగురి బృందంగా చేసినవి. రెండో దానిలో ‘ది ట్రాక్స్ ఆఫ్ మై టియర్స్’ లాంటి పాటలు పాడుతూ వాళ్లు తిరిగి షోబ్యాండ్ పనికే చేరుకున్నారు. పాటలు బాగానే పాడారు, అమ్మకాలు మాత్రం పాత స్థాయిలో లేవు.

ఇలాంటి కష్టం మరో చోటా వచ్చింది. దక్షిణ కొరియా బృందం ‘షైనీ’లో ప్రధాన గాయకుడు జోంగ్‌హ్యున్ 2017 డిసెంబరు 18న చనిపోయాడు. ముందే ప్రకటించిన టోక్యో డోమ్ కచేరీలను మిగిలిన నలుగురూ 2018 ఫిబ్రవరిలో పూర్తిచేశారు. ఆ మే, జూన్ నెలల్లో ‘ది స్టోరీ ఆఫ్ లైట్’ ఆల్బమ్‌ను మూడు భాగాలుగా విడుదల చేశారు. అందులో ‘అవర్ పేజ్’ పాటకు మాటలు నలుగురూ కలిసి రాశారు. అక్కడ పోయినవాడి గొంతును కాకుండా అతని కోసం రాసిన మాటలను ఆల్బమ్‌లో పెట్టారు. ‘బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్’ కథ వేరు. 2006లో వెళ్లిపోయిన కెవిన్ రిచర్డ్‌సన్ లేకుండా వాళ్లు ‘అన్‌బ్రేకబుల్’ తెచ్చారు, 2012లో అతను తిరిగొచ్చాడు. మానేసినవాడికి తలుపు తెరిచే ఉంటుంది కనుక అలాంటి ఆల్బమ్‌ను ఎవరూ నివాళిగా వినరు.

బాయ్‌జోన్ మూడో జవాబు 2018 నవంబరులో వచ్చింది. ‘థాంక్ యూ అండ్ గుడ్‌నైట్’ తమ చివరి ఆల్బమ్ అని ముందే చెప్పి చేశారు. ఒక పాట రాయడంలో ఎడ్ షీరన్ చేయి ఉంది. ‘ఐ కెన్ డ్రీమ్’ అనే మరో పాటలో, గేట్లీ బతికుండగా పాడి ఉంచిన గొంతును తీసుకుని నలుగురూ దాని చుట్టూ పాడారు. ఎనిమిదేళ్ల క్రితం అతని గొంతు కొత్త ఆల్బమ్ పనిలో భాగం, ఈసారి వీడ్కోలులో భాగం. 2019 అక్టోబరులో లండన్ పల్లేడియంలో జరిగిన కచేరీలతో ఆ వీడ్కోలు యాత్ర ముగిసింది. బ్రిటన్‌లో బాయ్‌జోన్‌కు దక్కిన నంబర్ వన్ ఆల్బములు మొత్తం ఐదు, వాటిలో ఆఖరిది ‘బ్రదర్’.