రూపం మార్చే ప్రవాహాలు: అవుట్‌పుట్ బఫర్ చరిత్ర

కంప్యూటరు లెక్క చేసే వేగానికీ, ఆ ఫలితాన్ని టేపు మీదనో కాగితం మీదనో రాసే పరికరం వేగానికీ నడుమ ఉన్న అంతరమే బఫర్ పుట్టుకకు కారణం. 1951లో అమెరికా జనగణన శాఖకు అందిన యూనివాక్ యంత్రంలో, అయస్కాంత టేపు మీదికి సమాచారం ఒక్కొక్క అక్షరంగా కాక 60 యంత్రపదాల దిమ్మెగా, అంటే పదానికి 12 చొప్పున 720 అక్షరాలుగా వెళ్లేది. టేపు నెమ్మదిగా తిరుగుతున్నా గణన ఆగిపోకుండా, ఆ దిమ్మెను కాసేపు నిలిపి ఉంచేందుకు ప్రత్యేకంగా కొంత మెమరీని కేటాయించారు. సమాచారం ఇచ్చే భాగానికీ పుచ్చుకునే భాగానికీ మధ్య ఇలా తాత్కాలికంగా నిలిపే చోటే బఫర్. అప్పట్లో దాని పని నిలపడం వరకే. లోపలికి వెళ్లిన అక్షరాలే అదే వరుసలో బయటికి వచ్చేవి. నిలిపే ఈ చోటే క్రమంగా సమాచారపు రూపాన్ని మార్చే చోటుగా కూడా ఎలా మారిందో, ఆ కలయిక ఏ చిక్కులు తెచ్చిపెట్టిందో తెలియాలంటే యంత్రాల కన్నా ప్రోగ్రామింగ్ భాషల వైపు చూడటం మేలు.

ఆబ్జెక్టుల ఆధారంగా సాగే భాషలలో మొదటిదిగా పేరొందిన సిమ్యులా 67లోనే బఫర్‌కు చోటు దొరికింది. ఓస్లోలోని నార్వే కంప్యూటింగ్ కేంద్రంలో ఓలె-యొహాన్ డాల్, క్రిస్టెన్ న్యుగోర్ రూపొందించిన ఆ భాషలో క్లాస్ అంటే, ఒక జాతి వస్తువులన్నిటికీ ఉండవలసిన సమాచారాన్నీ అవి చేయగల పనులనూ ఒక్కచోట చెప్పే నిర్వచనం. అవుట్‌ఫైల్ అనే క్లాస్‌కు చెందిన ప్రతి వస్తువూ ఇమేజ్ అనే పేరుతో ఒక అక్షరాల వరుసను తన దగ్గర ఉంచుకుంటుంది. ప్రోగ్రాము అంకెలనూ మాటలనూ అందులో నింపుతూ పోతుంది. అవుట్‌ఇమేజ్ అనే ప్రక్రియను పిలిచినప్పుడు ఆ వరుస మొత్తం పరికరానికి వెళ్లి, ఇమేజ్ మళ్లీ ఖాళీ అవుతుంది. ప్రింటర్ కాగితం మీది ఒక పంక్తికి మెమరీలో ప్రతిబింబంగా ఉన్నదే ఈ బఫర్. పుటల లెక్క చూసుకునే ప్రింట్‌ఫైల్ అనే క్లాస్ అవుట్‌ఫైల్ నుంచే వారసత్వం పొందింది. అయితే ఇందులో మార్పు అనేది అంకెను అక్షరాలుగా రాయడం దగ్గరే ఆగింది. ఒక అవుట్‌పుట్ వస్తువును మరొకదాని మీద పేర్చే ఏర్పాటు ఆ ప్రామాణిక క్లాసులలో కనిపించదు.

ఆ పేర్చే ఆలోచనకు మూలాలు వేరే దారిలో ఉన్నాయి. మెల్విన్ కాన్వే 1963లో ప్రచురించిన కంపైలరు వ్యాసంలో, ఒక దశ ఇచ్చే ఫలితం తర్వాతి దశకు ప్రవేశంగా అందేలా, రెండు భాగాలూ వంతులవారీగా నడిచే కోరొటీన్ పద్ధతిని వివరించాడు. 1964లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్, ప్రోగ్రాములను తోటకు నీళ్లు పెట్టే గొట్టాలలాగా ఒకదానికొకటి బిగించగలగాలని ఒక చిన్న పత్రంలో కోరాడు. 1973లో కెన్ థాంప్సన్ యూనిక్స్‌లో చేర్చిన పైపు ఆ కోరికను తీర్చింది. పైపు కలిపేది విడివిడి ప్రోగ్రాములను కాబట్టి, ఒకే ప్రోగ్రాము లోపల ఒక వస్తువు మీద మరొక వస్తువును నిలబెట్టే పద్ధతికి దాన్ని సాక్షాత్తూ పూర్వరూపం అనడం అతిశయోక్తే అవుతుంది.

నిజమైన పూర్వరూపం ఆక్స్‌ఫర్డ్‌లో దొరుకుతుంది. క్రిస్టఫర్ స్ట్రేచీ, జోసెఫ్ స్టోయ్ కలిసి మాడ్యులర్ వన్ అనే చిన్న కంప్యూటరు కోసం బీసీపీఎల్ భాషలో ఓఎస్6 అనే ప్రయోగాత్మక ఆపరేటింగ్ సిస్టమ్‌ను రాసి, దాన్ని 1972లో రెండు వ్యాసాలుగా వివరించారు. బీసీపీఎల్‌లో క్లాసులు లేవు, వారసత్వం లేదు, అసలు రకాల భేదమే లేదు. అయినా ఓఎస్6లో స్ట్రీమ్ అంటే, తదుపరి అంశాన్ని ఇవ్వడానికి ఒకటి, అంశాన్ని బయటికి పంపడానికి ఒకటి, మూసివేయడానికి ఒకటి అన్నట్టుగా కొన్ని ఫంక్షన్లను తనలోనే దాచుకున్న మెమరీ గడుల వరుస; పిలిచేవాడికి అవతల ఉన్నది కాగితపు టేపో, డిస్కో, మరొక స్ట్రీమో తెలియనవసరం లేదు. కాబట్టి ఒక స్ట్రీమ్‌ను తీసుకొని, దాని సంకేతాలను మార్చే కొత్త స్ట్రీమ్‌ను తిరిగి ఇచ్చే ఫంక్షన్‌ను రాయడం అక్కడ సహజమైన పనే అయింది. ఈ స్ట్రీమ్‌లను జిరాక్స్ పార్క్ పరిశోధకులు ఆల్టో కంప్యూటరులోకి తీసుకున్నారు. ఆబ్జెక్టు అన్న మాట పలకకుండానే ఆబ్జెక్టుల సారాన్ని పట్టుకున్న ఈ రచనకు చరిత్రలో దక్కవలసినంత పేరు దక్కలేదనే చెప్పాలి.

ఓఎస్6 పద్ధతికి ఒక ఖర్చు ఉంది: ప్రతి అంశానికీ ఒక ఫంక్షన్ పిలుపు. అదే కాలంలో బెల్ ల్యాబ్స్‌లో మైక్ లెస్క్ రాసిన ఇన్‌పుట్-అవుట్‌పుట్ లైబ్రరీ దీనికి సరిగ్గా ఎదురు దారి పట్టింది. అది పెరిగి 1979లో యూనిక్స్ ఏడవ కూర్పుతో స్టాండర్డ్ ఐఓ లైబ్రరీగా వెలువడింది. అందులో అక్షరాన్ని పంపే పుట్‌సీ అనేది ఫంక్షన్ కాదు, మాక్రో. అంటే కంపైలరు దాన్ని పిలుపుగా కాక నేరుగా కొన్ని ఆదేశాలుగా విస్తరిస్తుంది. అక్షరం 512 బైట్ల బఫర్‌లో పడుతుంది. బఫర్ నిండినప్పుడు మాత్రమే ఫంక్షన్‌ను పిలుస్తారు, అది ఆపరేటింగ్ సిస్టమ్‌ను పిలుస్తుంది. వేగం దక్కింది గాని, మధ్యలో జొరబడి బైట్ల రూపం మార్చేందుకు ప్రామాణికమైన దారి లేకుండా పోయింది.

ఈ రెండు దారులనూ కలిపినది సీ ప్లస్ ప్లస్. 1985లో బియార్నె స్ట్రౌస్ట్రప్ భాషతో పాటు ఇచ్చిన స్ట్రీమ్ లైబ్రరీలో ఈ కలయికకు బీజం ఉంది. జెర్రీ ష్వార్ట్జ్ దాన్ని కొత్తగా నిర్మించగా 1989 నాటి 2.0 కూర్పులో అది స్థిరపడింది. అంకెలను అక్షరాలుగా తీర్చే పని ఒక క్లాస్‌కూ, బఫర్‌ను నడిపే పని స్ట్రీమ్‌బఫ్ అనే వేరొక క్లాస్‌కూ అప్పగించారు. స్ట్రీమ్‌బఫ్‌లో అక్షరాన్ని ఉంచడం స్టాండర్డ్ ఐఓలో లాగే పిలుపు లేని చౌక పని. బఫర్ నిండినప్పుడు మాత్రం ఓవర్‌ఫ్లో అనే వర్చువల్ ఫంక్షన్ నడుస్తుంది. వర్చువల్ ఫంక్షన్ అంటే, వారసత్వం పొందిన క్లాస్ తన సొంత నిర్వచనంతో భర్తీ చేయగలిగేది. ఏది నడవాలో నడిచే వేళకే తేలుతుంది. అంటే ఆబ్జెక్టుల వల్ల వచ్చే స్వేచ్ఛకు చెల్లించవలసిన మూల్యాన్ని అక్షరానికి ఒకసారి కాక బఫర్‌కు ఒకసారి చెల్లిస్తే సరిపోయింది. పరికరాల మాంద్యానికి విరుగుడుగా పుట్టిన బఫర్, ఇక్కడ భాష లోపలి ఖర్చుకే విరుగుడైంది. ఈ చరిత్రలో అసలైన మలుపు ఇదే.

పేర్చే పద్ధతికి పేరు మాత్రం 1994లో స్థిరపడింది. గామా, హెల్మ్, జాన్సన్, వ్లిసిడెస్ రాసిన డిజైన్ ప్యాటర్న్స్ అనే పుస్తకం, ఒక వస్తువును అదే ముఖం గల మరొక వస్తువులో చుట్టి దానికి కొత్త పని జోడించడాన్ని డెకరేటర్ అని పిలిచి, డేటాను కుదించే స్ట్రీమ్‌నూ ఏడు బిట్ల ఆస్కీలోకి మార్చే స్ట్రీమ్‌నూ ఉదాహరణలుగా చూపింది. 1996లో వచ్చిన జావా ఈ అమరికనే తన ఇన్‌పుట్-అవుట్‌పుట్‌కు పునాది చేసుకుంది. ఫిల్టర్‌అవుట్‌పుట్‌స్ట్రీమ్ అనే మూల క్లాస్ నుంచి బఫర్డ్‌అవుట్‌పుట్‌స్ట్రీమ్ పుట్టింది. మరుసటి ఏడు కుదింపు చేసే జీజిప్‌అవుట్‌పుట్‌స్ట్రీమ్ వచ్చింది. ఆ తర్వాత గుప్తీకరించే సైఫర్‌అవుట్‌పుట్‌స్ట్రీమ్ చేరింది. పేర్చే వరుస ప్రోగ్రామరు చేతిలోనే ఉంది: కుదించి గుప్తీకరిస్తే పరిమాణం తగ్గుతుంది, గుప్తీకరించిన దాన్ని కుదించబోతే తగ్గేది దాదాపు ఏమీ ఉండదు. బఫర్ విడి పొరగా ఉండటంతో, దాన్ని మరచిన ప్రోగ్రాము ఓఎస్6 నాటి బైటుకొక పిలుపు ఖర్చుకు మళ్లీ చేరుకునేది. ఫిల్టర్‌అవుట్‌పుట్‌స్ట్రీమ్ కూడా, ఉపక్లాస్ వేరుగా చెప్పకపోతే, బైట్ల వరుసను ఒక్కొక్కటిగానే కిందికి పంపుతుంది.

మార్చే పొరలో బఫర్ వేగం కోసమే కాదు, అర్థం కోసమూ కావాలి. బేస్64 అనే సంకేత పద్ధతి 3 బైట్లను 4 అక్షరాలుగా మారుస్తుంది కాబట్టి, రెండే బైట్లు అందితే మూడోదాని కోసం ఆగాలి. ఏఈఎస్ గుప్తీకరణ 16 బైట్ల దిమ్మెల మీద నడుస్తుంది. డిఫ్లేట్ కుదింపు వెనకటి 32 కిలోబైట్లలో పునరుక్తులను వెతుకుతుంది. తెలుగు రాతకూ ఇది వర్తిస్తుంది. 1992లో థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ప్రతిదీ 3 బైట్లు తీసుకుంటుంది. జావాలో తర్వాత స్థిరపడిన 8192 బైట్ల బఫర్‌ను అలాంటి సంకేతాలతో నింపితే 2730 పట్టి, ఇంకా 2 బైట్లు మిగులుతాయి. అంటే 2731వ సంకేతం రెండు బఫర్ల మధ్య చీలుతుంది. బైట్లను యథాతథంగా రాసే ఫైలుకు దీనివల్ల నష్టం లేదు గాని, ఆ బైట్లను మళ్లీ అక్షరాలుగా చదివి మార్చే పొర ఆ తెగిన రెండు బైట్లను దాచుకోకపోతే అక్కడ అక్షరం చెడుతుంది.

అందుకే ఫ్లష్, అంటే నిలిచి ఉన్నదాన్ని వెంటనే పంపమనే ఆదేశం, ఈ పొరల్లో సందిగ్ధంగా మారింది. మామూలు బఫర్‌లో ఉన్నదంతా పంపవచ్చు. సగం దిమ్మెను చేతిలో పెట్టుకున్న గుప్తీకరణ పొర ఏం పంపాలి? జావాలోని సైఫర్ స్ట్రీమ్ అప్పటికే గుప్తీకరణ పూర్తయిన బైట్లనే పంపి, అసంపూర్ణ దిమ్మెను మూసివేత దాకా నిలుపుకుంటుంది. 2002లో వచ్చిన డాట్‌నెట్ తన క్రిప్టో స్ట్రీమ్‌లో చివరి దిమ్మెను పంపడానికి వేరే ఫంక్షన్‌నే ఇచ్చింది. కుదింపు పొరలో ఫ్లష్‌ను నిజంగా పాటించాలా వద్దా అనే ఎంపిక జావాకు 2011 నాటి 7వ కూర్పులో గాని రాలేదు. పాటిస్తే అవతలివారికి అప్పటిదాకా రాసిందంతా అందుతుంది, కుదింపు మాత్రం కొంత తగ్గుతుంది.

మూసివేతలోనూ ఒక లోపం చాలాకాలం ఉండిపోయింది. తొలి కూర్పులలో ఫిల్టర్‌అవుట్‌పుట్‌స్ట్రీమ్‌ను మూసినప్పుడు అది ముందుగా ఫ్లష్‌ను పిలిచి, అందులో ఏదైనా వైఫల్యం ఎదురైతే పట్టించుకోకుండా వదిలేసేది. డిస్కు నిండిపోయి చివరి బైట్లు రాయలేకపోయినా ప్రోగ్రాముకు ఆ సంగతి తెలియకుండా పోయే అవకాశం ఉండేది. 7వ కూర్పుతో భాషలోకి వచ్చిన, వనరులను తానే మూసే ట్రై నిర్మాణాన్ని తర్వాత ఈ క్లాస్‌లోనే వాడడంతో, ఫ్లష్‌లోని వైఫల్యం పిలిచినవాడి దాకా చేరసాగింది. మూసివేతలోనూ మరొక వైఫల్యం ఎదురైతే అప్పట్లో అది మొదటిదానికి అనుబంధంగా నమోదయ్యేది.