మాంత్రికుడికి తలుపు తీసిందెవరు?

 మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథలు రాసింది రాజమహేంద్రవరంలో. కాశీకి నడిచిపోయే మణిసిద్ధుడు, తోడు వచ్చిన పసులకాపరి కుర్రవాడు దారిలో చూసిన ప్రతి వింతకూ మజిలీలో ఒక కథ చెప్పాలి. అలా పన్నెండు భాగాలు నిండాయి. క్షుద్రోపాసకులు, బలిపీఠాలు, అంతఃపుర కుట్రలు అందులో కావలసినన్ని.

ఇలాంటి దుష్టమాంత్రికుడు తెలుగువాళ్లకు అంతకుముందే పరిచయం. పదహారో శతాబ్దంలో పింగళి సూరన కళాపూర్ణోదయంలోనే మణిస్తంభుడనే సిద్ధుడు కలభాషిణిని మృగేంద్రవాహన గుడికి బలికోసం తీసుకుపోయాడు.

దీక్షితులవారి కథల్లో ఒకదాన్ని ఆధారం చేసుకుని, అల్లావుద్దీన్ కథనూ కలుపుకొని, 1951లో పాతాళభైరవి వచ్చింది. దర్శకుడు కె.వి.రెడ్డి, రచన పింగళి నాగేంద్రరావు. అందరికీ గుర్తుండేది నేపాళ మాంత్రికుడిగా ఎస్.వి.రంగారావు. కానీ ఆ కథకు అసలు కీలు వేరే చోట ఉంది. బలివ్వబోయి తానే బలైపోయిన మాంత్రికుణ్ణి శిష్యుడు సంజీవనితో బతికిస్తాడు. బతికితే మాత్రం ఏం లాభం? భైరవి ప్రతిమ కథానాయకుడు తోట రాముడి దగ్గరుంది. దాన్ని తెచ్చి మాంత్రికుడి చేతిలో పెట్టింది రాజుగారి బావమరిది శూరసేనుడు. రాకుమారి తనకు దక్కలేదన్న ఉక్రోషమే అతని చేత ఆ పని చేయించింది.

బేతాళ కథల మొదలూ ఇంతే. భిక్షువు రోజూ కొలువుకొచ్చి రాజు విక్రమార్కుడికి పండు సమర్పిస్తాడు. అందులో రత్నం ఉంటుంది. ఆ కానుకల మొహమాటమే రాజును శ్మశానానికి నడిపించి, చెట్టుకు వేలాడే శవాన్ని భుజాన వేయించింది. భిక్షువు బలివ్వదలచింది రాజునే. క్షుద్రవిద్యకు మంత్రంకన్నా కొలువులో ఒక బలహీనత ఎక్కువ అవసరమని మన కథకులు గట్టిగా పట్టుకున్నారు. భయపెట్టే కథల్లో ఇంత రాజకీయ జ్ఞానం ఉండటం ఆషామాషీ సంగతి కాదు.

ఆ శవాన్ని ఇంటింటికీ చేర్చింది చందమామ. పాతాళభైరవి తీసిన నాగిరెడ్డి, చక్రపాణిలే 1947 జూలైలో ఆ పత్రిక మొదలుపెట్టారు. శంకర్ గీసిన విక్రమార్కుడు, భుజం మీది శవం, చేతిలో కత్తి... ఆ బొమ్మ చూడకుండా పెరిగిన తెలుగు పిల్లలు ఆ రోజుల్లో తక్కువ.

1954లో చందమామలో తోకచుక్క సీరియల్ మొదలైంది. తరవాత ముగ్గురు మాంత్రికులు, రాకాసిలోయ, భల్లూక మాంత్రికుడు... చిత్రా గీసిన బొమ్మలతో ఇలాంటివి పన్నెండు. కోటలు, కుట్రలు, కపాలాలు పట్టుకున్న మాంత్రికులు. నెలనెలా వీటిని అల్లిన దాసరి సుబ్రహ్మణ్యం స్వయంగా హేతువాది, మంత్రాలను నమ్మని మనిషి. చేతబడి నెపంతో మనుషుల్ని చంపిన వార్తలు ఇప్పటికీ చదువుతున్న మనం ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మాంత్రికుణ్ణి కథలో ఎంత భయంకరంగానైనా నిలబెట్టవచ్చు. ఊళ్లో అతన్ని వెతకడం ఘోరం.

సీరియల్ నడిచినన్నాళ్లూ పేజీ మీద రచయిత పేరు ఉండేది కాదు. ఆయన 2010లో కన్నుమూశారు. ఇప్పుడా సీరియల్స్ పుస్తకాలుగా, అట్ట మీద ఆయన పేరుతోనే దొరుకుతున్నాయి. పిల్లలకు చదివి వినిపించేటప్పుడు ముందుగా ఆ పేరు చెప్పండి.