ఓడిన జట్టు పునర్నిర్మాణం: సయ్యద్ అబ్దుల్ రహీం కాలపు హైదరాబాద్ ఫుట్‌బాల్ (1950–1963) – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:

బాస్కెట్‌బాల్ వీడియోగేముల్లో బలహీనమైన జట్టును చేపట్టి విజేతగా తీర్చిదిద్దడం ఈనాటి యువతకు పరిచితమైన వినోదం. ఈ వినోదం ‘పునర్నిర్మాణం’ అనే భావనకు ఒక నిర్దిష్టమైన అర్థాన్ని అలవాటు చేసింది. ఆ అర్థాన్ని గీటురాయిగా తీసుకొని, 1952 హెల్సింకీ పరాజయం నుంచి 1962 జకార్తా స్వర్ణం వరకు హైదరాబాదీ శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం నడిపిన పునర్నిర్మాణాన్ని పరిశీలించడం, రెండింటి మధ్య గల భేదాన్ని గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: రహీం, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు, ఫుట్‌బాల్, ఒలింపిక్స్, వీడియోగేమ్, క్రీడాచరిత్ర.

1. ఉపోద్ఘాతం:

1999లో వెలువడిన ‘ఎన్.బి.ఎ. 2కె’ మొదలుకొని ఆ వరుసలో వచ్చిన బాస్కెట్‌బాల్ వీడియోగేములు క్రమంగా ఆటగాడికి రెండు పాత్రలను ఇచ్చాయి. ఒకటి మైదానంలో బంతి ఆడే క్రీడాకారుని పాత్ర, రెండవది జట్టును నడిపే నిర్వాహకుని పాత్ర. రెండవ పాత్రలో అట్టడుగున ఉన్న జట్టును ఎంచుకొని, వయసు మళ్ళిన ఆటగాళ్ళను వదులుకొని, యువకులను చేర్చుకొని, కొన్ని సీజన్లలో విజేతగా నిలపడం ప్రధానాకర్షణ. అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్‌లో 1984–85 సీజన్ నుంచి అమలులోకి వచ్చిన జీతాల పరిమితి, 1985లో మొదలైన లాటరీ పద్ధతి ఈ ఆటకు నియమాలను సమకూర్చాయి. ఓడిన జట్లకు కొత్త ఆటగాళ్ళను ముందుగా ఎంచుకొనే అవకాశం దక్కడం వల్ల ఓటమి కూడా అక్కడ ఒక పెట్టుబడి అవుతుంది.

అయితే ఇటువంటి మార్కెట్ లేని చోట, ఓటమికి ప్రతిఫలం దక్కని కాలంలో, జట్టును తిరిగి కట్టడం ఎలా సాధ్యమైంది? ఈ ప్రశ్నకు తెలుగు నేల మీదే ఒక సమాధానం ఉంది.

2. నేపథ్యం:

1909లో హైదరాబాద్‌లో జన్మించిన రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, నగరంలోని పాఠశాలల్లో పనిచేశారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు శిక్షణ బాధ్యతను స్వీకరించి 1963లో మరణించే వరకు అందులోనే కొనసాగారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను గెలుచుకుంది. కలకత్తా జట్ల ఆధిపత్యం నడుస్తున్న రోజుల్లో ఇది సామాన్యమైన విజయం కాదు.

జాతీయ జట్టు స్థితి దీనికి భిన్నం. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1–0తో ఓడించి స్వర్ణం పొందిన జట్టు, మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1–10తో చిత్తయింది. భారత్ తరఫున ఏకైక గోలు అహ్మద్ ఖాన్ చేశారు. పలువురు ఆటగాళ్ళు బూట్లు లేకుండా ఆడారు. రెండు సందర్భాల్లోనూ శిక్షకుడు రహీమే కావడం గమనార్హం. వీడియోగేములో పునర్నిర్మాణం కొత్త నిర్వాహకుని రాకతో మొదలవుతుంది. గత ఓటముల్లో అతనికి పాత్ర ఉండదు. ఇక్కడ మాత్రం ఓటమిని చవిచూసినవాడే దాని కారణాలను వెతకవలసి వచ్చింది.

3. పునర్నిర్మాణ విధానం:

రహీం కృషిని మూడు అంశాలుగా విభజించవచ్చు.

3.1 నైపుణ్యం: హెల్సింకీ తరువాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది. బూటు వేసుకోవడం ఒక్కరోజు పని. బూటుతో బంతిని అదుపు చేయడం మాత్రం కొత్తగా నేర్వవలసిన విద్య. రహీం దృష్టి ఈ రెండవదాని మీద నిలిచింది. బంతిని వెంట తీసుకుపోవడాన్ని నిషేధించి కేవలం అందించడాన్నే అనుమతించే పోటీలను, బలహీనమైన కాలితోనే తన్నాలన్న నియమంతో పోటీలను ఆయన నిర్వహించినట్లు క్రీడాచరిత్రకారులు నమోదు చేశారు. ఒంటరి విన్యాసానికి చప్పట్లు కొట్టే ప్రేక్షకుల మధ్య, బంతిని వెంటనే సహచరునికి ఇవ్వడమే గొప్పతనమని నేర్పడం కష్టతరమైన పని. ఉపాధ్యాయుడు కావడం వల్లనే ఆయన ఉపన్యాసానికి బదులు నియమాన్ని సాధనంగా ఎంచుకున్నారని భావించవచ్చు.

3.2 వ్యూహం: 1953లో వెంబ్లీ మైదానంలో ఇంగ్లండ్‌ను 6–3తో ఓడించిన హంగరీ, మధ్య దాడి ఆటగాణ్ణి వెనక్కు జరిపి ఆడే పద్ధతిని ప్రపంచానికి చూపింది. రహీం దీన్ని భారతీయ ఆటగాళ్ళకు అనువుగా మలచారు. 1958లో బ్రెజిల్ ప్రపంచకప్ విజయంతో ప్రఖ్యాతమైన 4–2–4 అమరికకు దగ్గరైన పద్ధతిని భారత జట్టు అంతకుముందే అనుసరించిందని చరిత్రకారులు పేర్కొంటారు.

3.3 జీవనాధారం: నాటి ఆటగాళ్ళకు వేలం ధరలు లేవు, ఒప్పంద పత్రాలు లేవు. పోలీసు శాఖలో ఉద్యోగమే వారికి భద్రత. ఆ ఉద్యోగం ఉన్నందువల్లనే ఒకే బృందం ఏళ్ళ తరబడి కలిసి సాధన చేయగలిగింది. ఉద్యోగానికి ముందు దశలో ఉన్న కుర్రవాళ్ళ సంగతి వేరు. సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం పేద కుటుంబంలో పుట్టినవాడు. హైదరాబాద్‌కు సాధనకు రావడానికి కావలసిన అద్దె సైకిలు ఖర్చును రహీం భరించారని ఆయన తరువాతి కాలంలో గుర్తు చేసుకున్నారు. ఒక ఒలింపిక్ ఆటగాని ఎదుగుదల సైకిలు అద్దె దగ్గర ఆగిపోయే ప్రమాదం ఉండినదన్న సంగతి ఏ గణాంకపట్టికలోనూ కనిపించదు.

4. ఫలితాలు:

1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం రద్దయింది. అప్పటివరకు బీదర్ జిల్లాలో భాగమైన నారాయణఖేడ్ తాలూకా ఆంధ్రప్రదేశ్‌లో చేరి మెదక్ జిల్లాలో కలిసింది. అదే నెల 22న మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ప్రారంభమయ్యాయి. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, లతీఫ్, జుల్ఫికరుద్దీన్, బలరాం వంటి హైదరాబాదీలు ఉన్న భారత జట్టు డిసెంబరు 1న ఆస్ట్రేలియాను 4–2తో ఓడించింది. నెవిల్ డిసౌజా 3 గోల్స్ చేశారు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టుగా భారత్ నిలిచింది. సెమీఫైనల్లో ఎదురైంది మళ్ళీ యుగోస్లావియాయే. భారత్ మొదట గోలు చేసి ఆధిక్యం పొందినా చివరకు 1–4తో ఓడింది. కాంస్యం కోసం జరిగిన ఆటలో బల్గేరియాతో 0–3తో ఓడి 4వ స్థానం పొందింది. 1–10 నుంచి 1–4కు వచ్చిన దూరమే ఈ 4 సంవత్సరాల కృషికి కొలమానం.

విచిత్రమేమంటే రాష్ట్రం మ్యాపు నుంచి తొలగినా ఫుట్‌బాల్‌లో ‘హైదరాబాద్’ పేరు నిలిచే ఉంది. 1956–57, 1957–58 సంవత్సరాల్లో సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ జట్టే గెలిచింది.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో తొలి ఆటలోనే భారత్ దక్షిణ కొరియాతో 0–2తో ఓడింది. థాయిలాండ్‌తో ఆటలో రక్షకుడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం ఆయనను పక్కన పెట్టకుండా దాడి స్థానంలో నిలిపారు. సెప్టెంబరు 4న అదే దక్షిణ కొరియాతో జరిగిన ఫైనల్లో పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చేసిన గోల్స్‌తో భారత్ 2–1తో స్వర్ణం సాధించింది. అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీం 1963 జూన్ 11న కన్నుమూశారు.

5. తులనాత్మక పరిశీలన:

వీడియోగేములో ప్రతి ఆటగాడూ ఒక అంకె. అంకె పెరిగితే జట్టు బలపడుతుంది. నిర్వాహకుడు అలసిపోడు, జబ్బు పడడు, మరణించడు. ఓడిన సీజన్ నచ్చకపోతే భద్రపరచిన చోటికి వెనక్కు వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టవచ్చు. ఇదే నగరంలో మార్కెట్ పద్ధతిలో జరిగిన పునర్నిర్మాణం ఈ నమూనాకు దగ్గరగా ఉంటుంది. 2008 ఐపీఎల్‌లో 14 ఆటల్లో 2 మాత్రమే గెలిచి చివరి స్థానంలో నిలిచిన డెక్కన్ చార్జర్స్, గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో 2009లో విజేత అయింది. 2012లో ఆ జట్టే రద్దయింది.

రహీం పునర్నిర్మాణంలో కొనుగోలు లేదు. ఉన్నవారికి నేర్పడం, నేర్చినవారికి జీవిక చూపడం, వారిని కలిపి ఉంచడం అందులోని సారం. దాని పరిమితి కూడా అక్కడే ఉంది. ఆ విద్య ఒక వ్యక్తిలో నిలిచినంతగా వ్యవస్థలో నిలవలేదు. 1965–66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో సంతోష్ ట్రోఫీ మరొకసారి దక్కినా, 1960 రోమ్ తరువాత భారత పురుషుల జట్టు ఒలింపిక్స్‌కు అర్హత పొందలేదు. అద్దె సైకిలు మీద నగరానికి రాగలిగిన దూరంలో ఉన్న పిల్లవానికి రహీం అందారు. నారాయణఖేడ్ వంటి తాలూకా కేంద్రంలోని పిల్లవానికి ఆ దూరాన్ని తగ్గించవలసింది వ్యవస్థ.

6. ముగింపు:

పునర్నిర్మాణమంటే ఆటగాళ్ళను మార్చడమని వీడియోగేము సూచిస్తుంది. ఆటగాళ్ళు మారడమని రహీం చరిత్ర నిరూపిస్తుంది. విజయాల జాబితాలతో నిండిన క్రీడాచరిత్ర రచనలో శిక్షణ, ఉద్యోగం, ప్రయాణ ఖర్చు వంటి అంశాలకు చోటు తక్కువ. హైదరాబాద్ ఫుట్‌బాల్ ఎందుకు వెలిగిందో, ఎందుకు మసకబారిందో తెలుసుకోవాలంటే పతకాల పట్టికతో పాటు పోలీసు ఉద్యోగ రికార్డులను, పాఠశాల మైదానాల చరిత్రను, ఆటగాళ్ళ మౌఖిక కథనాలను సేకరించాలి. ఆనాటి ఆటగాళ్ళలో మిగిలినవారు బహుకొద్దిమంది. 2023లో బలరాం కూడా కన్నుమూసిన నేపథ్యంలో ఈ సేకరణ ఇక ఆలస్యానికి తావులేని పని.